థర్మల్ ప్లాంట్ చిమ్నీలో ధూళి శాంపిల్: నా అనుభవం

ఈ పనిలో అందరి కళ్లూ తూకం మీదే ఉంటాయి. కానీ సగం ఫలితం నాజిల్ (పొగను పీల్చే గొట్టం మూతి) దగ్గరే తేలిపోతుంది.

చిమ్నీలో పొగ ఎంత వేగంతో పోతోందో నాజిల్ కూడా అంతే వేగంతో పీల్చాలి. తక్కువ పీలిస్తే వాయువు పక్కకు తప్పుకుంటుంది, బరువైన రేణువులు మాత్రం మలుపు తిరగలేక నేరుగా లోపలికొస్తాయి, ధూళి ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువ పీలిస్తే తక్కువ చూపిస్తుంది. నాజిల్ వేగం పొగ వేగంలో 90-110 శాతం మధ్య లేని రన్‌ను (ఒక విడత శాంపిల్‌ను) నేను లెక్కలోకి తీసుకోను.

అందుకే ముందు ఎస్-టైప్ పిటాట్‌తో (ఒత్తిడి తేడాను బట్టి వేగం చెప్పే గొట్టం) ప్రతి ట్రావర్స్ పాయింటులో, అంటే చిమ్నీ అడ్డుకోతలో ఎంచుకున్న ప్రతి చోటా, వేగం చూస్తాను. పిటాట్ గుణకం 0.84, పొగ 140 డిగ్రీలు, వేగం సెకనుకు 20 మీటర్లు అనుకుంటే మానోమీటర్‌లో నీటిమట్టం తేడా 25 మి.మీ. దగ్గర ఉంటుంది. 6.35 మి.మీ. నాజిల్ నిమిషానికి 38 లీటర్లు పీల్చాలి. రోటామీటర్ (పీల్చే వాయువు ఎంతో చూపే మీటరు) దాకా వచ్చేసరికి పొగ చల్లారుతుంది, తేమ ఐస్‌లోనూ సిలికా జెల్‌లోనూ దిగిపోతుంది. అక్కడ మిగిలేది 25-26 లీటర్లే. రోటామీటర్‌నే 38 మీద పెట్టేసేవాళ్లు ఉన్నారు, ఆ రిపోర్టుల గురించి చెప్పనక్కర్లేదు.

థింబుల్ (ధూళిని పట్టే గొట్టం ఆకారపు ఫిల్టర్) గ్లాస్ ఫైబర్‌దే వాడాలి. సెల్యులోజ్‌ది ఈ వేడికి మాడి బరువు తగ్గుతుంది. ముందూ వెనకా ఓవెన్‌లో ఆరబెట్టి, డెసికేటర్‌లో (తేమ తగలని మూత పాత్ర) చల్లార్చి, 0.1 మి.గ్రా. చూపే త్రాసులో తూచాలి. ఘనమీటరు వాయువుకు దొరికే ధూళి ఒక్కోసారి 30 మి.గ్రా. కూడా ఉండదు. హోల్డర్‌కు అంటుకున్న నాలుగు థింబుల్ పోగులు వదిలేసినా లెక్క తేడా కొడుతుంది. నాజిల్ లోపలి బూడిదను కూడా అసిటోన్‌తో కడిగి కలుపుకోవాలి.

రన్‌కు ముందు నాజిల్ మూతి మూసి లీక్ చూడాలి. పోర్టు (గొట్టం దూర్చే చిమ్నీ రంధ్రం) చుట్టూ సందు ఉంటే బయటి గాలి లోపలికి లాగేస్తుంది, గుడ్డ కుక్కాలి. పంపు ఆపగానే వాల్వ్ కట్టేయడం మరిచిపోవద్దు. చిమ్నీ డ్రాఫ్ట్ (లోపలికి లాగే ఊపు) థింబుల్‌లోని ధూళిని వెనక్కి ఊడ్చుకుపోతుంది.

ఈఎస్పీ (కరెంటుతో బూడిదను పట్టే యంత్రం) రాపింగ్ పడ్డప్పుడు, అంటే పలకల మీది బూడిద రాలేలా సుత్తి దెబ్బ పడ్డప్పుడు, బూడిద ఒక్కసారిగా లేస్తుంది. పది నిమిషాల శాంపిల్‌లో అది పడొచ్చు, పడకపోవచ్చు. రాపింగ్ చక్రం మొత్తం వచ్చేలా సాగదీయాలి.

చివరిది ఆక్సిజన్. 2017 జనవరి 1 నుంచి వచ్చిన యూనిట్లకు ధూళి పరిమితి 30 మి.గ్రా./నార్మల్ ఘనమీటరు, అదీ 6 శాతం ఆక్సిజన్ దగ్గర. కొలిచినది 27, ఆక్సిజన్ 8 శాతం అయితే 27ను 15/13తో హెచ్చించాలి (గాలిలోని ఆక్సిజన్ 21 శాతం నుంచి 6 తీస్తే 15, 8 తీస్తే 13), 31 దాటుతుంది. కాబట్టి ఆక్సిజన్ రీడింగ్ అదే పోర్టులో, శాంపిల్ నడుస్తుండగానే తీయాలి. కంట్రోల్ రూం తెర మీది అంకె బాయిలర్ వెనక కొలిచినది, మధ్యలో ఎయిర్ ప్రీహీటర్ (బాయిలర్‌కు పోయే గాలిని వేడిచేసేది) లీకేజీ గాలి కలిసిపోతుంది.