అంగారకుడి గాలి తెరమీదికి ఎక్కేసరికి

శుక్రుడు, అంగారకుడు, శని ఉపగ్రహం టైటన్, గురుడు ఈ నాలుగింటి వాతావరణాలను చూసేవారే తిప్పుకుని, అడ్డంగా కోసి, ఎత్తు మార్చుకుంటూ పరిశీలించగలిగే విజువలైజేషన్ నిన్నటితో పూర్తయింది. గోళం గీయడం, దానిని మౌస్‌తో తిప్పడం ఇప్పటి గ్రాఫిక్స్ లైబ్రరీలతో పెద్ద పనేమీ కాదు. శుక్రుడి నేలమీద పీడనం 92 బార్లు, అంగారకుడి మీద సుమారు 6 మిల్లీబార్లు కాబట్టి నిలువు స్కేలుకు లాగరిథమ్ తప్పనిసరి; అదీ త్వరగానే కుదిరింది. గురుడికి నేలంటూ లేదు గనుక, ఆనవాయితీ ప్రకారం 1 బార్ మట్టాన్నే సున్నా ఎత్తుగా తీసుకున్నాను.

నన్ను ముప్పుతిప్పలు పెట్టింది అంగారకుడే. ఒక పరిశోధన సంస్థ ఇచ్చిన వాతావరణ నమూనా ఫలితాల నెట్‌సీడీఎఫ్ (శాస్త్రీయ డేటాను దాచే ఒక ఫార్మాట్) ఫైలును తెరిచి, ఒలింపస్ మాన్స్ మీదుగా కోత తీస్తే, 21 కిలోమీటర్లకు పైబడిన ఆ పర్వతం లోపల కూడా గాలి బాణాలు, ఉష్ణోగ్రత రంగులు కనిపించాయి. తెరమీద రంగులు వేసే కోడ్ అయిన షేడర్‌ను వరుసవరుసా చదివాను, అక్షాంశాల క్రమం తిరగబడిందేమోనని చూశాను. అన్నీ సరిగానే ఉన్నాయి. సంస్థకు రాస్తే, డాక్యుమెంటేషన్ చదవమని ఒక్క వాక్యం జవాబుగా వచ్చింది. అందులో ఆ ఊసే లేదని మళ్ళీ రాస్తే వేరే విభాగానికి పంపారు, ఆ విభాగం నన్ను తిరిగి మొదటి విభాగానికే పంపింది. ప్రజల సొమ్ముతో తయారైన డేటాకు నాలుగు వాక్యాల వివరణ జతచేయడం దయాధర్మం కాదు, అది బాధ్యత.

విలువలను ఒక్కొక్కటిగా అచ్చువేసుకుని చూశాకే సంగతి తేలింది. ఫలితాలను స్థిర పీడన మట్టాలకు మార్చేటప్పుడు, నేలకు దిగువన పడే చోట్లను ఖాళీగా వదలకుండా, పైనున్న విలువలనే కిందికి పొడిగించి నింపారు. హెల్లస్ పల్లంలో నేలకు ఎంతో ఎత్తున ఉండే 6 మిల్లీబార్ల మట్టం, ఒలింపస్ మాన్స్ దగ్గర కొండ కడుపులో ఉంటుంది. అందుచేత ఆ ఫైలును పక్కనపెట్టి సిగ్మా మట్టాల ఫైలు తీసుకున్నాను. పీడనాన్ని అక్కడి నేలమీది పీడనంతో భాగిస్తే వచ్చేదే సిగ్మా; నేలమీద అది 1, పైకి పోయేకొద్దీ సున్నాకు చేరుతుంది.

సిగ్మాను తిరిగి పీడనంగా మార్చడానికి సగటు ఉపరితల పీడనం వాడితే సరిపోదు. చలికాలంలో ధ్రువాల వద్ద కార్బన్ డయాక్సైడ్ గడ్డకట్టడం వల్ల అంగారకుడి పీడనం ఏడాది పొడవునా మారుతూనే ఉంటుంది కాబట్టి ప్రతి కాలానికీ ఆ సమయపు పీడనమే కావాలి. డేటా ఇచ్చినవారి మాట నమ్మి ఊరుకోకుండా, నేలమీద కొలిచిన లెక్కలతో సరిచూసుకోండి. 1976లో అంగారకుడి మీద దిగిన నాసా నౌక వైకింగ్ 1 కొలతల్లో పీడనం దాదాపు 7 నుంచి 9 మిల్లీబార్ల మధ్య ఊగుతుంది; దక్షిణ ధ్రువపు చలికాలంలో లోతుగా, ఉత్తరపు చలికాలంలో తక్కువగా దిగుతుంది. ఋతువు స్లైడర్ జరుపుతుంటే నా పీడనపు గీత కూడా ఆ రెండు తగ్గుదలలనూ సరైన చోటే చూపించింది.

మూల్యాంకనం చేసినవారు ఇంద్రధనుస్సు రంగులు పెట్టమని పట్టుబట్టారు, నేను ఒప్పుకోలేదు. ఉష్ణోగ్రత నెమ్మదిగా మారే చోట ఆ రంగులు లేని సరిహద్దులను గీసి చూపిస్తాయి. వెలుగు సమానంగా పెరిగే ఒకే వరుస రంగులే ఉంచాను. ఇప్పుడు ఒలింపస్ మాన్స్ కోతలో కొండ నల్లగా, గాలి దాని అంచు దాకా మాత్రమే కనిపిస్తున్నాయి.