ఎల్వా ఒడ్డున పులస మాట

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. సియాటిల్ పక్కన బాథెల్‌లో పుట్టింది. ఒకరోజు బడి నుంచి వస్తూనే, "అమ్మా, రెయిన్‌బో ట్రౌట్, స్టీల్‌హెడ్ రెండూ ఒకే చేప, తెలుసా?" అంది. ప్రశ్న తెలుగులో మొదలైంది, వివరమంతా ఇంగ్లీషులో సాగింది.

చల్లటి ఏటినీళ్ళలో, గులకరాళ్ళ మధ్య తల్లిచేప తోకతో తవ్విన గుంటలో పుడుతుందట. ఏట్లోనే ఉండిపోతే రెయిన్‌బో ట్రౌట్. రెండు మూడేళ్ళు పెరిగి సముద్రానికి పోయి, వెండిరంగు తేలి వెనక్కొస్తే స్టీల్‌హెడ్. ఒకే తల్లి పిల్లల్లో కొన్ని వెళ్తాయి, కొన్ని ఉండిపోతాయి. ఇక్కడి సాల్మన్ చేపల్లా గుడ్లు పెట్టాక చచ్చిపోవాలనీ లేదు. బతికినవి మళ్ళీ సముద్రానికి పోయి, మళ్ళీ వస్తాయి.

నేను వెంటనే పులస కథ ఎత్తుకున్నాను. సముద్రంలో ఉన్నన్నాళ్ళూ ఇలస, గోదారి ఎర్రనీటికి ఎదురీదితే పులస. పుస్తెలమ్మైనా పులస తినాలంటారని చెబితే, పుస్తెలంటే ఏమిటంది. అది చెప్పేసరికి అన్నం చల్లారిపోయింది.

పుట్టిన ఏటిని వెతుక్కుంటూ వెళ్ళే చేప అనగానే నా కథే అనుకున్నాను. మా అమ్మాయి కథ కూడా అదే కావాలని లోపల ఆశ. కానీ దానికి పుట్టిన ఏరు ఇక్కడే ఉంది. ఇంత చిన్న సంగతి నాకు తొమ్మిదేళ్ళు తట్టలేదు.

ఆగస్టులో దాన్ని ఎల్వా నదికి తీసుకెళ్ళాం. పోర్ట్ ఏంజెలిస్ దాటాక, ఒలింపిక్ కొండల్లోంచి దిగే నది. రోడ్డు వరదకి కొట్టుకుపోయింది కాబట్టి మాడిసన్ ఫాల్స్ దగ్గర కారు ఆపి ఏటి ఒడ్డున నడిచాం. ఈ నది మీద 1913లో ఒక డ్యామ్, 1927లో దానికి పైన ఇంకొకటి కట్టారు. రెండింటికీ చేపలు ఎక్కే మెట్లు పెట్టలేదు. సముద్రం నుంచి ఎనిమిది కిలోమీటర్లు రాకముందే గోడ అడ్డం. ఆ చేపల మీద బతికిన లోయర్ ఎల్వా క్లాలం జాతివాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితే 2011లో కూల్చడం మొదలైంది, 2014కి రెండూ పోయాయి.

ఆ తర్వాత జరిగింది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. వేసవిలో వచ్చే స్టీల్‌హెడ్ ఎల్వాలో దాదాపు కనుమరుగైంది. డ్యాముల వెనక మాత్రం రెయిన్‌బో ట్రౌట్ ఉండిపోయింది. ముందు తరాలవి ఏవీ సముద్రానికి పోయి తిరిగొచ్చింది లేదు. దారి తెరుచుకోగానే వాటి పిల్లలు సముద్రానికి పోయి, స్టీల్‌హెడ్‌గా తిరిగొచ్చాయి. జన్యు పరీక్షల్లో ఆ చుట్టరికం బయటపడింది. వందేళ్ళు వాడకపోయినా లోపల ఉన్నది పోలేదు.

భాష మాత్రం అలా రక్తంలో దాగి ఉండదని నాకు తెలుసు. క్లాలం మాతృభాషగా మాట్లాడిన చివరి ఆవిడ కూడా 2014లోనే, నూటమూడేళ్ళ వయసులో పోయారు. ఆ భాషని పోర్ట్ ఏంజెలిస్ హైస్కూల్లో పాఠంగా పెట్టారు. ఎవరో ఒకరు కూర్చుని నేర్పాల్సిందే.

మరి నేను నేర్పిన తీరు? తెలుగులో అడిగితేనే జవాబిస్తానని ఇంట్లో నియమం పెట్టాను. తాతయ్యతో ఫోన్‌లో మాట్లాడుతుంటే పక్కనుండి ప్రతి తప్పూ దిద్దేదాన్ని. ఏడాదిగా అది "బాగున్నారా తాతయ్యా" అని ఫోన్ నా చేతికిచ్చేస్తోంది. సిగ్గు అనుకున్నాను. తప్పొస్తుందని భయమట. ఆ ఒడ్డునే వాళ్ళ నాన్నకి చెబుతుంటే విన్నాను.

ఆరోజు చేప ఒక్కటీ కనబడలేదు. రాత్రి హోటల్ గదిలోంచి మా అమ్మాయే బొబ్బర్లంకలో ఉన్న తాతయ్యకి ఫోన్ చేసింది.

"తాతయ్యా, పులస కమ్స్ కదా సముద్రం నుంచి... డ్యామ్ దగ్గర దానికి మెట్లు ఉన్నాయా?"

నా నోటిదాకా వచ్చిన మాట ఆపుకున్నాను.

"చేపకి మెట్లేంటమ్మలూ?"

అది చెప్పింది. సగం ఇంగ్లీషు, సగం తెలుగు, మధ్యలో చేతులు కూడా ఊపుతూ. ఆయన చాలాసేపు ఊఁ కొట్టారు.

"మన ధవళేశ్వరం బ్యారేజీ సంగతి నేనెప్పుడూ అలా ఆలోచించలేదే! పొద్దున్నే రేవుకెళ్ళి పడవవాళ్ళని అడుగుతాను. రేపు మళ్ళీ చేస్తావా?"

"చేస్తాను తాతయ్యా," అని, ఈసారి ఫోన్ నాకివ్వకుండా పెట్టేసింది.