దేవళాలిలో ఒక పూట

మా మేనేజరు ఇంగ్లండులోని లీడ్స్‌లో ఉంటాడు. సర్వర్ మొరాయించినప్పుడల్లా "డూలాలీ అయిపోయింది" అంటాడు. పిచ్చెక్కిందని అర్థం. అది మా దేశంలో నాసిక్ పక్కనున్న దేవళాలి అనే ఊరి పేరేనయ్యా అంటే నమ్మడు. మొన్న త్ర్యంబకేశ్వరం దర్శనమయ్యాక ఒక పూట మిగిలింది. నాసిక్ రోడ్డులో ఆటో ఎక్కి దేవళాలి పొమ్మన్నాను.

"అక్కడ చూడ్డానికేముంది సాబ్?" అన్నాడు ఆటో అతను. నిజమే, ఏమీ లేదు. పెద్ద పెద్ద చెట్లు, పాత బంగళాలు, ఫిరంగిదళం శిక్షణ కేంద్రం. ఒక గేటు ముందు నెమ్మదించామో లేదో, ఫోన్ లోపల పెట్టమని జవాను చేత్తోనే సైగ చేశాడు.

1861లో తెల్ల సిపాయిల కోసం ఇక్కడ క్యాంపు పెట్టారు. కొలువు ముగిసినవాళ్లు బొంబాయిలో ఓడ ఎక్కేదాకా ఇక్కడే మకాం. సిపాయిల ఓడలు నడిచేది చలికాలంలోనే. వేసవి మొదట్లో వచ్చిపడ్డవాడి గతి ఏం చెప్పను! పని లేదు, ఎండ, సారా, మలేరియా. నెలల తరబడి అలా పడి ఉన్నవాడి తిక్క చేష్టలకి 'డూలాలీ టాప్' అని పేరు పెట్టారు. టాప్ అంటే 'తప్', జ్వరం. మన తాపానికి చుట్టమే. పోనుపోను తోక ఊడి డూలాలీ మిగిలింది. వాళ్లు కలవరించిన స్వదేశానికి పెట్టుకున్న ముద్దుపేరు బ్లైటీ కూడా మన విలాయతీయే!

మిసళ్ పావ్ బండి దగ్గర ఆగాను. ఎర్రటి నూనె తేలే పులుసు, పైన సేవ్, పచ్చి ఉల్లిపాయ. రెండో ముద్దకే ముక్కు కారింది. "దేఖో, దహీ కలుపుకోండి" అని బండాయన గిన్నె జరిపాడు. ఆ 'దేఖో'యే ఇంగ్లండులో 'డెక్కో' అయింది, ఓ చూపు చూడటం. పక్కా 'పుక్కా' అయింది. మన తెలుగు వాటా ఏమిటయ్యా అంటే పందికొక్కు. బ్యాండికూట్‌గా వెళ్లింది. గర్వపడాలో లేదో తేల్చుకోలేకపోయాను.

చివరికి స్టేషన్‌కి పోయి, పసుపు బోర్డు కింద నిలబడి సెల్ఫీ తీసుకుని మేనేజరుకి పంపాను. అయిదు నిమిషాల్లో జవాబు వచ్చింది: "బాగుంది. ఏ యాప్‌లో చేశావు?"