పాత లెక్కలకు తాళం వేశానిలా

మా కొట్టు లెక్కలన్నీ లెడ్జర్ అనే అకౌంట్ల ప్రోగ్రాం కోసం ఒకే టెక్స్ట్ ఫైల్లో రాస్తాం. ఆ ఫైల్లో రాయడానికి లినక్స్ మిషన్ మీద నేను ఈమాక్స్ ఎడిటర్ వాడతాను, తమ్ముడు విమ్ ఎడిటర్ వాడతాడు. వాడోసారి ‘కూలి’ ఖాతాని ‘కూలి:హమాలీ’ చేద్దామని ఫైలంతటా రీప్లేస్ కొట్టేశాడు. ఆడిటర్‌కి ఎప్పుడో ఇచ్చేసిన సంవత్సరాల ఎంట్రీలూ మారిపోయి, పాత ప్రింటవుట్లకీ కొత్త రిపోర్టుకీ పొంతన లేకుండా పోయింది.

మార్చి 31తో మూసేసిన ఏడాది జోలికి ఎవరూ పోకూడదు, నడుస్తున్న ఏడాది మాత్రం రాసుకునేలా ఉండాలి. పర్మిషన్లతో ఇది కుదరదు. ఫైలుని చదవడానికి మాత్రమే వదిలే సీహెచ్‌మోడ్ 444 కమాండ్ అంటే ఫైలు మొత్తానికే.

ఈమాక్స్‌లో పాత భాగానికి రీడ్-ఓన్లీ అనే టెక్స్ట్ ప్రాపర్టీ (అక్షరాలకు అంటించే గుణం) తగిలించాను. పాత ఎంట్రీ మీద బ్యాక్‌స్పేస్ నొక్కితే కింద ‘టెక్స్ట్ ఈజ్ రీడ్-ఓన్లీ’ అని వచ్చింది. బాగానే ఉందనుకుని మార్చి 31 ఎంట్రీ అయిపోయిన చోటే ఏప్రిల్‌ది మొదలుపెట్టబోతే అక్కడా అదే మాట! ఆ గుణం చివరి అక్షరం పక్కన కొట్టేదానికీ అంటుకుంటుందట. చివరి అక్షరానికి రియర్-నాన్‌స్టిక్కీ (తర్వాత కొట్టేదానికి అంటుకోవద్దని చెప్పే ప్రాపర్టీ) పెడితే దారిచ్చింది. ఇంత చేసినా ఆ ప్రాపర్టీ ఈమాక్స్ బఫర్లో (ఎడిటర్లో తెరిచి ఉన్న కాపీలో) ఉండేదే, ఫైల్లోకి ఎక్కదు. తమ్ముడి విమ్‌కి అలాంటిదొకటి ఉందనే తెలియదు.

చివరికి ఫైలునే కోశాను. మూసేసిన ఒక్కో ఏడాదీ ఒక్కో ఫైలు. అసలు ఫైలు పైన ఇన్‌క్లూడ్ లైన్లు రాస్తే లెడ్జర్ అన్నీ కలిపే చదువుతుంది. పాతవాటికి 444 పెట్టాను గానీ అది నామమాత్రమే. ఫోల్డర్లో రాసే హక్కుంటే, ఫైల్లో మాటలు మార్చే సెడ్ హైఫన్ ఐ కమాండ్ కొత్త ఫైలు తయారుచేసి పాతదాని స్థానంలో పెట్టేస్తుంది. విమ్‌లో ఆశ్చర్యార్థకంతో (:w!) బలవంతంగా సేవ్ చేసినా అంతే. అందుకని రూట్‌గా (అన్ని హక్కులున్న అడ్మిన్‌గా), ఫైలుని ఎవరూ కదపకుండా చేసే సీహెచ్‌ఏటీటీఆర్ ప్లస్ ఐ కమాండ్ కొట్టాను. మాది ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ ఉన్న డిస్కు కాబట్టి పనిచేసింది. ఇక మార్చడం, పేరు మార్చడం, చెరిపేయడం ఏదీ కుదరదు. ఎల్ఎస్ఏటీటీఆర్ కొడితే ఆ ఫైళ్ల పక్కన ‘ఐ’ కనిపిస్తుంది. దాన్ని తీసేయడానికి కావలసిన సూడో (రూట్ హక్కులిచ్చే) పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది.

పాత ఏడాదిలో తప్పు కనబడితే ఇప్పుడు దాన్ని దిద్దం, నడుస్తున్న ఏడాదిలో సర్దుబాటు ఎంట్రీ వేస్తాం. తమ్ముడికి మొదట్లో ఇది చాదస్తంలా అనిపించింది. ఆడిటర్ మాత్రం ఎప్పట్నుంచో అడుగుతున్నది అదే.