టేకేదారు ముందు అడిగినట్టు

స్వీడన్‌లో కనీస వేతనం ఇంత అని ప్రభుత్వం చట్టం చెయ్యలేదు. యూనియన్లూ యజమానులూ కలిసి ఒప్పందం రాసుకుంటారు. ఆ ఒప్పందం లోపల ఎవరికి ఎంత పెరగాలో మా ఆఫీసులో ఏటా ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి మాట్లాడతారు. ఈసారి మేనేజర్ చెప్పిన అంకెకు థాంక్స్ చెప్పి లేవబోతుంటే ఆవిడ ఆపింది. "ఇంకొంచెం అడగొచ్చు కదా. మీ సంస్కృతిలో ఆడపిల్లలకు అడగడం నేర్పరు, నాకు తెలుసు. అందుకే చెప్తున్నా" అంది.

మంచి మనసుతోనే అంది. ఏ బాసు తనంతట తాను 'ఇంకా అడుగు' అంటాడు? అయినా ట్రామ్ దిగి ఇల్లు చేరేదాకా ఆ మాట గుచ్చుతూనే ఉంది.

మాది కోరుట్ల. మా అమ్మ అడగడం రాని మనిషా? ఒళ్ళో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి రోజంతా బీడీలు చుట్టేది. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. కార్ఖానాలో ఇచ్చిన ఆకు సరిపోకపోతే సొంత పైసలతో కొనుక్కోవాలి. సాయంత్రం కట్టలు పట్టుకుపోతే, బాగాలేవని టేకేదారు, అంటే సేటు తరఫున బీడీలు లెక్కపెట్టి తీసుకునే కాంట్రాక్టరు, కొన్ని పక్కన పడేసేవాడు. అప్పుడు చూడాలి అమ్మ నోరు. "ఆకు నువ్వు మంచిగిచ్చినవా, బీడీ నేను మంచిగ చుట్టనీకి?" అని ఒక్కో కట్టా తిప్పి చూపించి లెక్కలో రాయించేది. పీఎఫ్‌లో పేరు లేకపోతే కొట్లాడి ఎక్కించుకుంది. బీడీ కార్మికులకు వచ్చే పెన్షన్‌కు ఆ పీఎఫ్ లెక్కే ఆధారమైంది. నాన్న షార్జాలో ఉన్నన్నాళ్ళూ చీటీలూ, అప్పులవాళ్ళూ, మా ఫీజులూ అన్నీ ఆమె చేతిమీదే. జగిత్యాల, నిజామాబాద్ వైపు ఇలాంటి ఇళ్ళు వాడకు పది ఉంటాయి.

అడగకూడదని నాకు నేర్పింది మరి ఎవరు? ఆలోచిస్తే హనుమకొండలో ఇంజినీరింగ్ చదువుతున్నప్పటి పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులు గుర్తొస్తున్నాయి. ఎలా కూర్చోవాలి, ఎంత నవ్వాలి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలి అన్నీ నేర్పారు. జీతం ఎంత ఆశిస్తున్నారని అడిగితే 'యాజ్ పర్ కంపెనీ నార్మ్స్' అనాలని పదిసార్లు వల్లె వేయించారు. మగపిల్లలకూ అదే పాఠం. కాకపోతే వాళ్ళు ఉద్యోగాల్లో చేరాక టీ కొట్టు దగ్గర ఒకరి ప్యాకేజీ ఒకరు తెలుసుకున్నారు. మేము హాస్టల్ గేటు మూసేలోపు గదుల్లో ఉన్నాం. అది వెయ్యేళ్ళ సంస్కృతేమీ కాదు, ఫీజు కట్టి నేర్చుకున్న మర్యాద.

సంస్కృతి అనే మాట మీదే నా కోపం. ఇక్కడి మగవాళ్ళు మధ్యాహ్నం మూడున్నరకు లేచి పిల్లల్ని తెచ్చుకోవడానికి వెళ్ళిపోతుంటే నేనూ మొదట్లో ముచ్చటపడ్డాను. వీళ్ళ పెంపకమే అంత అనుకున్నాను. తర్వాత తెలిసింది. బిడ్డ పుట్టినప్పుడు ఇచ్చే సెలవును 1974లోనే తండ్రులకూ తెరిచారు. తీసుకున్నవాళ్ళు మాత్రం చాలా తక్కువ. 1995లో తల్లికీ తండ్రికీ చెరి 30 రోజులు ఒకరివి ఒకరికి ఇచ్చుకునే వీల్లేకుండా కేటాయించారు. వాడుకోకపోతే పోయినట్టే. 2002లో దాన్ని 60 రోజులు, 2016లో 90 రోజులు చేశారు. మొత్తం సెలవు 480 రోజులు. తండ్రుల్ని ఇంట్లో కూర్చోబెట్టింది ఆ నియమమే. ఇంతా చేసి ఇక్కడా ఆడవాళ్ళ సగటు జీతం మగవాళ్ళకంటే దాదాపు 10 శాతం తక్కువ. అడగడం వీళ్ళకు పుట్టుకతో వచ్చి ఉంటే ఆ 10 శాతం ఎక్కడికి పోయింది? ఇది ఆ గదిలో తట్టలేదు, అదే బాధ.

మా నాన్న సంగతి కూడా చెప్పాలి. షార్జాలో క్యాంపు గదిలో తన వంతు వచ్చినప్పుడు ఎనిమిది మందికీ ఆయనే వండేవాడు. పప్పుచారు అమ్మకంటే బాగా పెడతాడని ఆయన స్నేహితుడు చెబితే మాకు తెలిసింది. సెలవు మీద ఇంటికొస్తే మంచినీళ్ళు కూడా ముంచుకోడు. చెయ్యి అదే, మనిషి అదే. చేయక తప్పని చోట చేశాడు. స్వీడన్ తండ్రులూ అంతేనని నా అనుమానం.

మేనేజర్ చెప్పిందాంట్లో నిజం లేదా అంటే, కొంత ఉంది. అడగడం నాకు రాలేదు. కానీ అమ్మ ఎప్పుడూ ఒంటరిగా అడగలేదు. టేకేదారు ముందు ఆమె నోరు లేస్తే వెనక వాడకట్టు ఆడవాళ్ళు పదిమంది చాటలతో నిలబడి ఉండేవారు. ఎవరికి ఎన్ని కట్టలు పోయాయో అందరికీ తెలుసు. ఇక్కడ తలుపు వేసిన గదిలో నేనూ, ఆవిడా, ఒక ల్యాప్‌టాప్. పక్క సీట్లో అదే పని చేస్తున్నవాడికి ఎంత వస్తుందో తెలియకుండా ఏ అంకె అడగాలి? నిజానికి ఈ దేశంలో పన్ను ఆఫీసుకు ఫోన్ చేస్తే ఎవరి ఆదాయమైనా చెబుతారు, రహస్యం కాదు. మన తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులోనే అది పెద్ద రహస్యం. గోంగూర ఏ షాపులో దొరుకుతుందో నిమిషంలో చెబుతారు. జీతం మాటెత్తితే గ్రూపంతా నిశ్శబ్దం. ఊళ్ళో ఏ పిన్ని ఎదురైనా మొదట అడిగేది మాత్రం అదే!

యూనియన్‌లో చేరాను. మా పనికి, మా అనుభవానికి ఎంతెంత ఇస్తున్నారో అక్కడ లెక్కలు చూపించారు. నా జీతం అన్నిటికన్నా కింది వరసలో ఉంది. ఆ కాగితంతో మళ్ళీ టైమ్ అడిగి వెళ్ళాను. ఈ ఏడు బడ్జెట్ అయిపోయిందనీ, కొంత మాత్రం సర్దుతాననీ మేనేజర్ చెప్పింది. అడిగిందాంట్లో సగం కూడా రాలేదు.

అమ్మకు ఫోన్లో చెబితే ఆమెకు నా బాధ అర్థమే కాలేదు. "టేకేదారు గూడ గట్లనే అంటడు బిడ్డా, సేటు దగ్గర పైసల్లేవని. నీ పక్క సీటోళ్ళు ఎవలన్న వచ్చిండ్రా నీతోని?" అంది. లేదన్నాను. "మరి వాళ్ళను పిల్వకుండ పోయినవా?" అని, పొయ్యి మీద కూర మాడుతోందని పెట్టేసింది.