తుంటి కీలు దగ్గర సాగుతున్న సోమాటిక్ సాధన

ఈ విడత సోమాటిక్ తరగతుల్లో, అంటే శరీరాన్ని లోపలి నుంచి గమనిస్తూ కదలడం నేర్పే తరగతుల్లో, నేను ఒక్క ప్రశ్ననే పట్టుకొని వెళ్తున్నాను: కాలు ఎత్తేటప్పుడు కదలిక తుంటి కీలులో మొదలవుతోందా, లేక నడుములోనా? తుంటి ఎక్కడుందని అడిగితే నాట్యం చేసేవాళ్లలో కూడా చాలామంది తొడ పక్కన చేతికి తగిలే ఎముకనే చూపిస్తారు. నిజానికి తొడ ఎముక గుండ్రటి తల, నడుము కింది ఎముకల గూడైన కటిలోని గుంటలో అమరే చోటు అంతకంటే ముందుకు, గజ్జ మడత వెనుక లోతుగా ఉంటుంది. అక్కడ మడవవలసిన కాలిని పక్కనుంచి పైకి లాగితే కటి ఒకవైపు లేచిపోతుంది, ఆ భారం నడుము మీద పడుతుంది.

తరగతిలో గురువు ఏదీ చేసి చూపించరు, మాటలతోనే నడిపిస్తారు. అద్దం కూడా ఉండదు. కదలికలు చిన్నవిగా, నెమ్మదిగా ఉండాలని, కదలిక ద్వారా శరీర అవగాహన నేర్పే పద్ధతిని రూపొందించిన మోషే ఫెల్డెన్‌క్రైస్ (1904–1984) పట్టుబట్టడానికి కారణం సున్నితత్వమే. నెత్తిన పెద్ద మూట ఉన్నవాడికి అందులోంచి గుప్పెడు గింజలు తీసినా తెలియనట్టే, కండరం గట్టిగా బిగిసి ఉన్నప్పుడు చిన్న తేడా తెలియదు. పూర్తి బలంతో సాధన చేసే అలవాటున్న మన నాట్యకారులకు ఇదే అన్నిటికన్నా కష్టమైన పాఠమని నా అభిప్రాయం.

నాకు బాగా పనికివచ్చినది కటి గడియారం. వెల్లకిలా పడుకొని, మోకాళ్లు వంచి, పాదాలు నేలకు ఆనించి, కటి కింద ఒక గడియారం ఉందని ఊహించుకోవాలి; నడుము వైపు 12, తోకఎముక వైపు 6. బరువును 12 వైపు జరిపితే నడుము నేలకు ఆనుతుంది, 6 వైపు జరిపితే నడుము కింద సందు ఏర్పడుతుంది. ఈ రెండూ తేలికయ్యాకే అంకెల వెంట చుట్టూ తిరగాలి. మొదట్లో 4, 5 అంకెల మధ్య నా కటి జారకుండా గెంతేది, సరిగ్గా అక్కడే ఊపిరి ఆగేది, దవడ బిగిసేది. వలయాన్ని నాణెమంత చిన్నదిగా చేసి, ఊపిరి ఆగిన చోటల్లా నిలిచి మళ్లీ మొదలుపెడుతూ వచ్చాక ఆ గెంతు చాలావరకు సర్దుకుంది.

మెత్తటి పరుపు మీద ఇది కుదరదు, ఎందుకంటే ఏ ఎముక ఎంత ఆనుతోందో నేల చెప్పాలి. మడిచిన దుప్పటి చాలు, తల వెనక్కి వాలిపోతుంటే కింద చిన్న తువ్వాలు పెట్టుకోవచ్చు. ఒక వైపు పూర్తయ్యాక కాళ్లు చాపి రెండు వైపులనూ పోల్చి చూసే విరామాన్ని మాత్రం వదలకూడదు, పాఠంలో సగం అక్కడే ఉంది. దీనితో ఒళ్లు వేడెక్కదు కాబట్టి, గెంతులున్న సాధనకు ముందు విడిగా వార్మప్ చేస్తున్నాను.

నేల మీద దొరికినదాన్ని నృత్యంలోకి తేవడానికి, నర్తకి, ఫిజియోథెరపిస్టు అయిన ఇర్మ్‌గార్డ్ బార్టెనియెఫ్ (1900–1981) కూర్చిన తొడ ఎత్తే అభ్యాసం వంతెనలా ఉంది. అదే భంగిమలో ఊపిరి వదులుతూ, కటి కదలకుండా, గజ్జ దగ్గర మాత్రమే మడిచి ఒక పాదాన్ని నేల నుంచి లేపాలి. కుడి కాలు ఇప్పుడు అలాగే లేస్తోంది. ఎడమ కాలు లేచేటప్పుడు నడుము ఇంకా ముందుగా స్పందిస్తోంది. అందుకే ఎడమవైపు ప్రస్తుతం పాదాన్ని పూర్తిగా ఎత్తకుండా మడమ వరకే లేపుతున్నాను. అది కుదిరాక ఇదే మడతను గోడకు చేయి ఆనించి నిలబడి ప్రయత్నిస్తాను, ఆ తర్వాతే కాలి ఎత్తు పెంచుతాను.