సివిల్ అఫైర్స్ అసోసియేషన్‌కు నేను వ్యాసం రాసిన క్రమం

అమెరికా సైన్యపు రిజర్వు దళంలో నేను సివిల్ అఫైర్స్ (పౌర వ్యవహారాల) అధికారిగా పనిచేస్తున్నాను. ఈ వృత్తిలో ఉన్నవారి సంఘమైన సివిల్ అఫైర్స్ అసోసియేషన్ వెలువరించే వ్యాస సంపుటికి నేనొక వ్యాసం రాశాను. అంశం ఎంచుకున్నప్పటి నుంచి అచ్చులో చూసుకునే వరకు ఆ పని ఎలా సాగిందో ఇక్కడ వివరిస్తున్నాను. రిజర్వు దళంలో ఉన్న కొందరు తెలుగు యువకులు ఈ విషయమై నన్ను తరచుగా అడుగుతున్నారు కనుక వివరంగానే రాస్తాను.

ముందుగా ఈ విభాగం చేసే పని గురించి కొంత చెప్పాలి. యుద్ధం వల్లగాని, విపత్తు వల్లగాని సైన్యం ఒక ప్రాంతంలో అడుగుపెట్టినప్పుడు అక్కడి ఊరి పెద్దలతో, పురపాలక అధికారులతో, ఆస్పత్రుల వారితో, సహాయ సంస్థలతో మాట్లాడి, నీరు, తిండి, వైద్యం, బడులు ఏ స్థితిలో ఉన్నాయో తెలుసుకుని, ఆ వివరాలను సేనాధిపతి ముందు పెట్టడం, ప్రజలకు కలిగే నష్టాన్ని వీలైనంత తగ్గించడం మా బాధ్యత. సాధారణంగా నలుగురుండే చిన్న జట్టు ఈ పనిలోకి దిగుతుంది. ఈ విభాగంలో అత్యధికులు రిజర్వు సైనికులే. వారాంతపు శిక్షణకు వచ్చేవారిలో న్యాయవాదులు, ఉపాధ్యాయులు, నర్సులు, వ్యవసాయం తెలిసినవారు ఉంటారు. నేను తాగునీటి పథకాల ఇంజనీరును. ఇలా రకరకాల వృత్తుల వారు కలవడమే మా బలం. అయితే విదేశీ విధి ముగిసిన మరునాటి నుంచి ఎవరి ఊరికి, ఎవరి ఉద్యోగానికి వారు వెళ్ళిపోవడం వల్ల, నేర్చుకున్నది కూడా వారితోనే చెదిరిపోతుంది.

అసోసియేషన్ పని ఎందుకు విలువైనదో నాకు అర్థమైంది ఇక్కడే. రెండవ ప్రపంచయుద్ధం తర్వాత, జర్మనీ, జపాన్ వంటి చోట్ల సైనిక పాలన (ఓడిన ప్రాంతపు పౌర పాలనను సైన్యమే చూడడం) సాగించిన అధికారులు 1947లో దీనిని మిలిటరీ గవర్నమెంట్ అసోసియేషన్ అనే పేరుతో స్థాపించారు. అంతకు ముందు జరిగినది తెలిస్తే అటువంటి సంఘం అవసరం ఇంకా స్పష్టమవుతుంది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీలోని రైన్ నదీ ప్రాంతంలో అమెరికా సైన్యం పాలన నడిపినప్పుడు, అక్కడి కోబ్లెంజ్ నగరంలో పౌర వ్యవహారాలు చూసిన కల్నల్ ఇర్విన్ హంట్, ఈ పనికి సైన్యం ఏ మాత్రం సిద్ధంగా లేదని తన నివేదికలో నిర్మొహమాటంగా రాశారు. ఆ నివేదికకు తగిన గుర్తింపు రావడానికి దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది. 1940లో సైనిక పాలనపై నియమావళి వెలువడింది, 1942 మేలో వర్జీనియా విశ్వవిద్యాలయంలో సైనిక పాలన పాఠశాల తెరుచుకుంది. ఆ వివరాలు ఎవరో ఒకరు ఓపికగా రాసిపెట్టి ఉండకపోతే తరువాతి తరం మళ్ళీ మొదటి నుంచే మొదలుపెట్టవలసి వచ్చేది.

ఇక నా అంశం. తూర్పు ఆఫ్రికాలో మా జట్టు పనిచేసిన కాలంలో ఒక గ్రామ పెద్దలు తమ బావి గురించి, పశువుల దారుల గురించి మాకు ఎంతో ఓర్పుతో చెప్పారు. అవే విషయాలను మాకంటే ముందు వచ్చిన జట్టుకు, అంతకు ముందు వచ్చిన జట్టుకు కూడా వారు అంతే ఓర్పుతో చెప్పి ఉన్నారు. మాకు అందిన అప్పగింత కాగితాలలో మాత్రం ఆ ఊరి పేరు, బావి కొలతలు తప్ప మరేమీ లేవు. ఇది ఒక్క జట్టు లోపం కాదని తరువాత చదివినప్పుడు తెలిసింది. అమెరికా కాంగ్రెసు తరఫున ప్రభుత్వ పనులను తనిఖీ చేసే గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీస్, తూర్పు ఆఫ్రికా దేశమైన జిబూటీ కేంద్రంగా పనిచేసే అమెరికా సంయుక్త దళం గురించి 2010లో ఒక నివేదిక ఇచ్చింది. శిథిలమైపోయిన ఒక బడి ముందు, అది ఆ దళం ఇచ్చినదేనని తెలిపే పలక ఉన్నా, అప్పటి సిబ్బందికి అటువంటి బడి ఒకటి ఉందన్న సంగతే తెలియదని అందులో ఉంది. సిబ్బంది కొద్ది నెలలకే మారిపోతుండడాన్ని కూడా ఆ నివేదిక ఎత్తి చూపింది. జట్లు మారినా ఊరితో ఏర్పడిన పరిచయం, ఇచ్చిన మాట తెగిపోకుండా అప్పగింత ఎలా జరగాలన్నదే నా వ్యాస విషయంగా నిర్ణయించుకున్నాను.

అసోసియేషన్ ఏటా ఒక ప్రధానాంశాన్ని ప్రకటించి దానిపై వ్యాసాలు కోరుతుంది. వచ్చిన వాటిలో కొన్నిటిని ఎంపిక చేసి, వార్షిక సదస్సులో చదివించి, ఆ తర్వాత సంపుటిగా ప్రచురిస్తుంది. 2014-15 సంపుటిని పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో ఉన్న ఆర్మీ వార్ కాలేజ్ ప్రచురించింది. పాత సంపుటాలన్నీ ముందుగా చదవడం నాకు ఎంతో ఉపకరించింది. రాయదలచినవారు ఈ ఒక్క పని తప్పక చేయాలని నా గట్టి అభిప్రాయం. ఎవరు ఏ ప్రశ్న వేశారో, ఏ ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదో అప్పుడే తెలుస్తుంది.

అసోసియేషన్‌లో సభ్యులైన ఒక విశ్రాంత కల్నల్‌గారు నా చిత్తుప్రతి చదవడానికి ఒప్పుకున్నారు. వారు నాకు కువైట్ ఉదంతం చదవమన్నారు. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు, అక్కడి నుంచి తరలిపోయిన కువైట్ ప్రభుత్వంతో కలిసి, విముక్తి తర్వాత నీరు, విద్యుత్తు, ఆహారం, ఆస్పత్రులు ఎలా నడపాలో రిజర్వు సివిల్ అఫైర్స్ సైనికులు వాషింగ్టన్‌లో కూర్చుని ముందుగానే ప్రణాళిక వేశారు. సొంత వృత్తుల్లో సంపాదించిన జ్ఞానం అక్కడ ఎంత ఉపయోగపడిందో చదువుతుంటే నా వ్యాసానికి దారి దొరికింది. మాది ప్రకాశం జిల్లాలో ఫ్లోరైడు నీళ్ళ ప్రాంతం. బోరింగు వేయించడం ఒక ఎత్తు, వాషరు అరిగినప్పుడు బాగుచేసే మనిషి ఆ ఊళ్ళోనే ఉండడం మరొక ఎత్తు అని చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి. 1997 చట్టంతో ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పడిన, సాగునీటి నిర్వహణ చూసే రైతుల నీటి వినియోగదారుల సంఘాలను ఉదాహరణగా చూపి, అప్పగింత దస్త్రం ఒక ప్రతి సైన్యం దగ్గర, మరొక ప్రతి స్థానిక సంఘం దగ్గర ఉండాలని ప్రతిపాదించాను. కల్నల్‌గారు ఆ పేరాను ఉంచమని, దానికి ముందు నేను రాసిన భావోద్వేగపు పేరాను తీసేయమని చెప్పారు. ఆ సలహా సరైనదే.

ఎక్కువ సమయం పట్టింది అనుమతికి. విధుల్లో ఉన్న సైనికుడు తన పనికి సంబంధించి ప్రచురించే రచన భద్రతా పరిశీలన దాటాలి. యూనిట్‌లో ఆ బాధ్యత చూసే అధికారి, ఆ తర్వాత ప్రజా సంబంధాల అధికారి చదివి సమ్మతించాలి. ఊళ్ళ పేర్లు, వ్యక్తుల వివరాలు, జట్టు కదలికల తేదీలు తీసేయమన్నారు. మాతో నమ్మకంగా మాట్లాడిన గ్రామ పెద్దలకు నా రాత వల్ల ఏ ఇబ్బందీ రాకూడదు కాబట్టి ఆ సవరణలను మనస్ఫూర్తిగా చేశాను. ఈ అభిప్రాయాలు రచయితవే తప్ప రక్షణ శాఖవి కావన్న వాక్యం కూడా చేర్చాలి. రాయడం మొదలుపెట్టిన రోజునే అనుమతికి ఎవరిని అడగాలో తెలుసుకుంటే గడువు దగ్గర పడినప్పుడు కంగారు ఉండదు.

సంపాదకులు వేసిన ప్రశ్నలు కఠినమైనవి, న్యాయమైనవి. దస్త్రం తయారుచేసేది కెప్టెనా, సార్జెంటా? అందుకు శిక్షణ ఎక్కడ? స్థానిక సంఘంలోనే వర్గాలుంటే ప్రతి ఎవరి చేతికివ్వాలి? మూడో ప్రశ్న నన్ను చాలా ఆలోచింపజేసింది. నీటి వినియోగదారుల సంఘాల్లో సైతం పలుకుబడి ఉన్నవారి మాటే చెల్లిన సందర్భాలు నాకు తెలుసు. చివరికి, ఒక్కరి చేతికి కాకుండా, ఊరందరి ఎదుట చదివి వినిపించిన తర్వాతే ఇవ్వాలని మార్చాను.

సదస్సులో నాకిచ్చిన సమయం కొద్దిది. ప్రశ్నలకు మాత్రం ధారాళంగా అవకాశం ఇచ్చారు. ఇరాక్‌లో పనిచేసి వచ్చిన ఒక సార్జెంటుగారు లేచి, కాగితం ఎంత బాగున్నా కొత్త జట్టును పాత జట్టు స్వయంగా వెంటబెట్టుకుని వెళ్ళి పరిచయం చేయకపోతే ఊరివారు నమ్మరని, అందుకు నాలుగు రోజుల సమయం తప్పనిసరి అని వ్యాసంలో రాయమని అన్నారు. అధికారులు, సార్జెంట్లు, విశ్రాంత సైనికులు, పౌర సంస్థల వారు ఒకే గదిలో సమానంగా మాట్లాడుకునే అవకాశం మామూలు సైనిక క్రమంలో అంత సులభంగా దొరకదు. అసోసియేషన్ చేసే పనులన్నిటిలోనూ ఇదే గొప్పదని నేను భావిస్తున్నాను. సార్జెంటుగారి మాటను తుది ప్రతిలో చేర్చాను.

వ్యాసం అచ్చయ్యాక మా యూనిట్ అప్పగింత పత్రంలో రెండు కొత్త విభాగాలు చేరాయి. ఊరికి ఇచ్చిన మాటలు ఒకదానిలో, వాటిని విన్నవారి వివరాలు మరొకదానిలో రాయాలి. ఈ ఏడాది మా యూనిట్‌లోని ఒక యువ సార్జెంటు పశువైద్య శిబిరాలపై వ్యాసం రాస్తున్నారు. ఆయన చిత్తుప్రతి ఇప్పుడు నా దగ్గర ఉంది. అనుమతి పత్రం మాత్రం మొదటి వారంలోనే పంపించాము.